పువ్వు రాలిన మేర

ఫిబ్రవరి 16, ఆదివారం

నా పిహెచ్‌డీ ఈరోజు మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చింది. ఆ మనిషి మా నాన్న కావడం నా ఖర్మ.

భోజనాలయ్యాక నా లాప్‌టాప్ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎప్పుడు చూసినా ఈ పచ్చరంగు బొమ్మలేంటమ్మా" అన్నాడు. ఉపగ్రహం తీసిన బొమ్మలని చెప్పాను. వాగు అవతల ఏజెన్సీ అడవి, ఇవతల జామాయిల్ తోటలు. నేను పుట్టకముందు బొమ్మ ఒకటి, ఈ ఏటి బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి, అడవి అంచు ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో చూపించాను. ఆయనకు అదేమీ పట్టలేదు.

"మన చేను ఏదీ?"

చూపించాను. మొన్ననే జామాయిల్ కొట్టించి సారపాక కాగితం మిల్లుకు తోలించాడు కాబట్టి ఎర్రమట్టి, మోళ్ళు తప్ప చేలో ఏమీ లేదు. వాగు వైపు మూలలో మాత్రం గుండ్రంగా ఒక పచ్చటి మచ్చ.

"అదేంటి?"

"ఇప్పచెట్టు నాన్నా. చూడు, కొమ్మ ఎంత మేర పరుచుకుందో."

నేనే నీళ్ళుపోసి పెంచినంత గర్వంగా చెప్పాను. అక్కడితో ఆగానా, నీడ ఎంత పడుతుందో కొలిచి మరీ చూపించాను. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"అయితే ఇన్నేళ్ళూ ఇంత మేర మొక్క ఎదగట్లేదన్నమాట. వచ్చే నెల మోళ్ళు పీకడానికి పొక్లెయిన్ వస్తుందిగా. దీన్నీ పీకించేస్తే సరి."

లేచి వెళ్ళి పడుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి కాఫీ కావాలా అని అడిగింది. వద్దన్నాను.

ఫిబ్రవరి 17

నాన్న మతిమరుపు మనిషి. మర్చిపోతాడు.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్నే కొత్తగూడెం మీదుగా పోయే బస్సెక్కాను. పాల్వంచ ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు మెడలు వాల్చి నిద్రపోతున్నారు. వాళ్ళంత గాఢంగా నిద్రపోవడం నాకు బస్సులో కాదు కదా మంచం మీద కూడా చేతకాదు. దిగి షేర్ ఆటో పట్టుకుని, వాగు దాటి గూడెం చేరేసరికి జంపక్క వాకిట్లో చీపురు కట్టుకుంటోంది. ఆరు నెలలుగా అడవిలో నాకు దారి చూపిస్తున్న మనిషి. కోయవాళ్ళ ఇళ్ళలో నాకు దొరికిన ప్రతి సమాధానం ఈమె పక్కన ఉండబట్టి దొరికిందే.

"ఇయ్యాల నా చెట్టు చూపిస్త, రా" అంది.

అడవిలోకి తీసుకెళ్తుందనుకున్నాను. వెనక్కి తిరిగి, నేను దాటొచ్చిన వాగే మళ్ళీ దాటింది. గట్టెక్కి, ఎర్రమట్టిలో మోళ్ళ మధ్య నడుచుకుంటూ ఆ చెట్టు కిందకి వెళ్ళి నిలబడింది. మా చేలో.

ఆ చేను మాదని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"మా అమ్మ నన్ను తోల్కొచ్చి గీడ నిలబెట్టి, చేతిల చీపురు పెట్టింది" అంది జంపక్క. "ఊడ్వమంది. ఊడ్చిన. గంతే. ఆ పొద్దుసంది ఇది నాది."

"ఎవరైనా కాదంటే?"

"ఎవలంటరు? అడివిల ఏ ఇప్పచెట్టు ఎవలదో అందరికి ఎరికే. పువ్వు రాలకముందే ఎవల చెట్టు కింద ఆళ్ళు ఊడ్సుకుంటరు. ఊడ్చిన చెట్టు జోలికి ఇంకోళ్ళు రారు."

రాసుకున్నాను. భూమి ఒకరిది, చెట్టు ఇంకొకరిది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం నిలబెట్టగల మాట. ఆ మాట కింద రెండుసార్లు గీత గీశాను. సంతోషానికే అనుకుంటాను.

జంపక్క చెట్టు మొదట్లో ఎండుటాకును కాలితో పక్కకు నెట్టి, ఏమీ కానట్టు అడిగింది.

"మీ నాయిన ఈసారి గుడ జామాయిలే ఏస్తడా?"

నా పెన్ను ఆగింది. ఆమె నవ్వింది.

"ఏంది బిడ్డా గట్ల జూస్తవ్? మీ నాయిన చెంచురామయ్య ముక్కు నీ మొఖం మీద ఉన్నది. మొదటిపొద్దే ఎరికే."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె కూతురు భవాని కలిసింది. భద్రాచలంలో డిగ్రీ ఆఖరి ఏడాది. వచ్చేసారి చీపురు నీ చేతికేనా అంటే, "నాకెందుకక్కా ఆ చెట్టు, జాబ్ వస్తే నేనీడ ఉంటనా" అంది. జంపక్క విననట్టు ముందు నడిచింది.

పొక్లెయిన్ సంగతి చెప్పలేదు. ఖాయం కాని విషయం చెప్పి భయపెట్టడం దేనికి.

ఫిబ్రవరి 21

గైడ్ మేడంతో ఫోన్లో మాట్లాడాను. చేను మాదేనని చెబితే ఆమె గట్టిగా నవ్వింది. "పొజిషనాలిటీ గురించి రెండు పేజీలు రాయి" అంది. అంటే నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావో పాఠకుడికి చెప్పడం. ఎక్కడ నిలబడ్డానంటే, మా నాన్న గట్టు మీద. రెండు పేజీలు ఎందుకు, ఒక వాక్యం చాలు.

నేను పరిశోధకురాలిని. ఇందులో తలదూర్చకూడదు.

మార్చి 2, ఆదివారం

నాన్న మర్చిపోలేదు. పొద్దున్నే పొక్లెయిన్ నడిపే రూప్‌సింగ్‌తో ఫోన్లో మాట్లాడుతూ, "మూలనున్న ఇప్పచెట్టు కూడా" అన్నాడు. ఫోన్ పెట్టేదాకా ఆగాను.

"ఆ చెట్టు జంపక్కది నాన్నా."

"ఏ జంపక్క?"

"వాగు అవతల గూడెంలో ఉంటుంది."

"చేను నా పేరున ఉంటే, అందులో చెట్టు వాగు అవతలావిడది ఎట్లా అవుద్ది?"

"మన పట్టాకంటే ముందునుంచీ వాళ్ళు దానికింద ఊడుస్తున్నారు."

"ఊడిస్తే సొంతమైపోద్దా? అట్లయితే ఈ ఇల్లు మన సక్రిది. రోజూ రెండుపూటలా అదేగా ఊడ్చేది."

అమ్మ నవ్వింది. నవ్వి, గది మూలలో చీపురు పట్టుకున్న సక్రిని చూసి ఆపేసింది. సక్రి మాత్రం, "ఇస్తనంటే నేనొద్దంటనా సార్" అని తన పని తను చేసుకుపోయింది.

నాన్న ఆ తర్వాత మెత్తబడ్డాడు. ఆయన భయం ఆయనకుంది. పోయిన వేసవిలో పక్క ఊళ్ళో జామాయిల్ తోట అంటుకుంది. పువ్వు ఏరడానికి నేల శుభ్రం చేస్తూ ఇప్పచెట్టు కింద ఆకు కాల్చిన నిప్పే పాకిందని చెప్పుకున్నారు. చూసినవాళ్ళు లేరు, చెప్పుకున్నవాళ్ళే అందరూ. "నాలుగేళ్ళ పంట, ఒక్క నిప్పురవ్వ చాలు" అన్నాడు. అది అబద్ధం కాదు.

"తాతయ్య ఆ చేను ఎవరి దగ్గర కొన్నాడు?" అని అడిగాను.

నాన్న మంచినీళ్ళకోసం లేచాడు. ఆయన ముందు గ్లాసు నిండుగానే ఉంది.

తిరిగొచ్చి, "సరే. ఈ ఏడు పువ్వు ఏరుకోమను. అదయ్యాక పీకిస్తా. నీ మాట కాదనడం నాకేమన్నా సరదానా" అన్నాడు.

మార్చి 3

ఈ ఏడు పువ్వు దక్కుతుంది. అంతవరకూ మంచిదే.

మార్చి 5

అంతవరకూ మంచిదే అని మొన్న రాశాను. ఈరోజు చదువుకుంటే అది నాన్న మాటలాగే ఉంది.

మార్చి 18, మంగళవారం

భవాని ఫోన్ చేసింది.

"అక్కా, మీ నాయిన మా ఇంటికి ఆటోల రెండు బస్తాలు పంపిండు."

"ఏం బస్తాలు?"

"ఇప్పపువ్వు. అమ్మ ముట్టుకుంటలేదు. పొద్దటిసంది మాట్లాడుతనే లేదు. నువ్వు జల్దీ రా."

నాన్నను అడిగాను. మొహం వెలిగిపోయింది. నేను ఫస్ట్ క్లాసులో పాసైనప్పుడు కూడా అంత వెలగలేదు.

"అందాయా? ఆ వయసులో ఆవిడ ఎండలో వంగి ఏరుకోవడం ఎందుకని, మన కూలీలను పెట్టి ఏరించా. ఒక్క పువ్వు వదలొద్దని చెప్పా. ఏమంది, సంతోషించిందా?"

ఏం చెప్పాలో తెలియక అవునన్నాను.

మార్చి 19, బుధవారం

బస్తాలు దడి బయటే ఉన్నాయి. ఒకదాని మూతి విప్పి ఉంది. తీపి, పులుపు కలిసిన వాసన దారి మలుపు దాకా వస్తోంది. పక్కింటి మేకను ఎవరో తాడేసి కట్టేశారు, దానికి నోరూరి అరుస్తోంది.

ఊరి పెద్ద సీతయ్య మంచం వాల్చుకుని కూర్చున్నాడు. నన్ను కూర్చోమన్నాడు.

"ఇప్ప పండుగ ఇంక కాలే బిడ్డా. కొత్త పువ్వు ముందుగాల దేవుళ్ళకు, పెద్దలకు పెట్టుకోవాలె. అప్పటిదాంక రాలింది రాలినట్టు భూమ్మీదనే ఉంటది. మా దగ్గర పసిపిల్ల గుడ ముట్టది."

"మా నాన్నకు తెలియదు తాతా."

"తెల్వకనే చేసిండు. తెలిసి చేస్తె అది వేరే లెక్క. ఆ తప్పు ఎట్ల దిద్దుకోవాల్నో మాకెరికే. జంపక్క బాధ అది గాదు. పో, అడుగు."

జంపక్క ఇంటి వెనక కట్టెలు కొడుతోంది. అవసరం లేనన్ని కొట్టింది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి గొడ్డలి కింద పెట్టింది.

"మీ నాయిన దగ్గర పట్టా కాయిదం ఎన్నేండ్లసంది ఉన్నది?"

"తాతయ్య కాలంనుంచి."

"ఇన్నేండ్లల్ల దాంతోటి నాకు ఏం గాలే. జామాయిల్ పెట్టినా, కొట్టినా, నా చెట్టు కిందికి నేను పోయిన, ఊడ్చిన, ఏరుకున్న. నన్ను ఎవలు అడగలే, నేనెవల్ని అడగలే. నిన్న గీ బస్తాలు వచ్చినయ్. అంటే ఇగ ఆయన ఇచ్చేటోడు, నేను తీసుకునేదాన్ని. కాయిదం చెయ్యలేని పని గీ రెండు బస్తాలు చేసినయ్."

ఇది నేను రాసుకోలేదు. రాసుకోవాలని గుర్తే రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు పొక్లెయిన్ సంగతి చెప్పాను. పువ్వు అయిపోయాక చెట్టు పీకిస్తారని, నీడ కొలిచి చూపించింది నేనేనని, అంతా.

"ఎరికే" అంది. "రూప్‌సింగ్ సారపాకల కలిసి చెప్పిండు. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న."

"ఏం చేద్దాం జంపక్కా?"

"నువ్వేం చెయ్యకు. మీ నాయిన్ను ఈడికి రమ్మను."

మార్చి 20

రాత్రి నిద్ర లేదు. పొద్దున టిఫిన్ల దగ్గర చెప్పేశాను.

నాన్న ఇడ్లీ తుంచిన చెయ్యి తుంచినట్టే ఆపాడు. "మంచికి పోతే ఇట్లాగే ఉంటది. కూలీలు, ఆటో, అంతా నేనే చూసుకున్నా. దాంట్లో ఆవిడకు తప్పేం కనపడిందో."

నేను పండుగ గురించి చెప్పాను, ఆచార హక్కుల గురించి చెప్పాను. మూడు ఇంగ్లీషు మాటలు కూడా వాడాను. నాన్న మొహం ఇంకా ముడుచుకుపోయింది.

అమ్మ చట్నీ వేస్తూ, "నేను ఊళ్ళో లేనప్పుడు మీరు నా వంటింట్లోకి ఎవరో మనిషిని పంపి, వంట చేయించి, నాకే క్యారేజీ పంపినట్టుంది" అంది.

"అదేంటి, కష్టం తప్పిందిగా నీకు."

"కష్టం తప్పింది. వంటిల్లు కూడా పోయింది."

నాన్న ఇంకో ఇడ్లీ వేయించుకోలేదు.

మార్చి 21

నాన్న వచ్చి, "ఆ చెట్టు మళ్ళీ చూపించు" అన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఏదీ ఖాయం కాలేదు.

మార్చి 23, ఆదివారం

ముగ్గురం కారులో వెళ్ళాం. దారంతా నాన్న రోడ్డు బాగుచేయని ప్రభుత్వాన్ని తిట్టాడు. భయపడినప్పుడు ఆయన రోడ్లను తిడతాడు.

జంపక్క, భవాని మాకంటే ముందే చెట్టు కింద ఉన్నారు. బస్తాలు కూడా.

"రా ఆసామీ" అంది జంపక్క. "నీ పువ్వు తీస్కపో."

"ఎండలో కష్టపడతావని..." అనబోయాడు నాన్న.

"నాకు ఎండ గావాల్నా వద్దా అని నన్ను అడిగినవా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికే.

"అడగలేదు" అన్నాడు నాన్న. మా ఇంట్లో ఆ మాటను క్షమాపణ అంటారు. జంపక్కకు ఆ సంగతి ఎవరు చెప్పారో, తల ఊపి ఊరుకుంది. తర్వాత బస్తా మూతి విప్పి అమ్మను ఓ చెయ్యి వేయమంది. ఇద్దరూ కలిసి పువ్వంతా తిరిగి చెట్టు కింద పోశారు. "పండుగ ముందు రాలింది భూమిది" అంది జంపక్క. రెండో బస్తా బరువుగా ఉంటే నాన్న వెళ్ళి అడుగు పట్టుకుని ఎత్తాడు. ఆయన చొక్కానిండా ఆ వాసనే.

ఆ తర్వాతే మాటలు మొదలయ్యాయి.

"చెట్టు ఉంచుతా. కానీ నిప్పు సంగతేంటి? మళ్ళీ జామాయిల్ పెడుతున్నా" అన్నాడు నాన్న.

"నిప్పు పెట్టేదానికి చీపురెందుకు? అడివిల కొందరు పెడ్తరు. నేనీడ ఊడుస్త. జామాయిల్ ఆకు నూనె ఆకు, అంటుకుంటే మా గూడెం దాంక వస్తది. నా ఇంటికి నేనే నిప్పు పెట్టుకుంటనా?"

నాన్న ఆలోచించాడు. "ఆకు నా చేలోకి ఊడ్చొద్దు."

"వాగు దిక్కు ఊడుస్త."

"మరి చుట్టూ ఎంత వదలాలి?"

"నీడ ఎంతుంటే గంత."

నాన్నకు అది బేరంలా నచ్చింది. నడినెత్తిన పొద్దు. చెట్టు మొదట్లో ముడుచుకుని ఉన్న నీడ చుట్టూ చెప్పు మడమతో చకచకా గీత గీసేశాడు.

జంపక్క ఆ గీతను చూసి, "గీ నీడ గాదు. పువ్వు ఏరేది పొద్దుగాల. పొద్దుగాల నీడ" అంది.

"పొద్దుటి నీడ సగం చేను దాకా వస్తది."

"అవ్. వస్తది."

నాన్న నా వైపు చూశాడు. జంపక్క కూడా నా వైపే చూసింది. నా దగ్గర ఉపగ్రహాలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ గంటకు ఏ నీడ ఎంత పొడవో చెప్పగలను. ఏ నీడ న్యాయమో చెప్పే బటన్ లేదు.

"నీడతో ఏం పని?" అంది అమ్మ, కారులోంచి నీళ్ళసీసా తీసుకుంటూ. "ఆవిడ ఏరేది పువ్వునా, నీడనా? పువ్వు ఎక్కడిదాకా రాలితే అక్కడిదాకా."

నాన్న తాను గీసిన గీతను చెప్పుతో చెరిపేశాడు.

"గీ అమ్మను ముందే తోల్కరాకపోతివి" అని జంపక్క నన్ను కసిరింది.

పండుగ అయ్యాక, పువ్వు బాగా రాలే రోజు చూసి మేకులు పాతాలని, అప్పటిదాకా యంత్రం ఆ వైపు రాకూడదని తేలింది. తిరుగు ప్రయాణంలో రోడ్డు అలాగే ఉంది. నాన్న దాన్ని తిట్టలేదు.

మార్చి 28

పండుగ అయిందని భవాని ఫోన్. ఎల్లుండి ఉగాది. నాన్న రూప్‌సింగ్‌ను రెండుసార్లు ఆపాడు. "పువ్వు ఎట్లా ఉందో కనుక్కో" అని నన్నే అడుగుతున్నాడు, పత్తి ధర అడిగినట్టు.

ఏప్రిల్ 1, మంగళవారం

తెల్లవారుతుండగా చేరుకున్నాం. రూప్‌సింగ్ పొక్లెయిన్‌ను గట్టు మీద ఆపి, దాని పక్కనే కూర్చుని బీడీ తీసి, నాన్నను చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నేల కనిపించడం లేదు. పాలరంగు పువ్వు. ఊడ్చిన నేల మీద పరిచినట్టుంది, ఊడ్వని మోళ్ళ మధ్య చల్లినట్టుంది. మనం చూస్తుండగానే ఒకటీ అరా రాలుతోంది. అమ్మ చెప్పులు విప్పేసింది.

జంపక్క అంచున నడుస్తూ కాలిబొటనవేలితో చూపిస్తోంది. భవాని వెదురు మేకులు పాతుతోంది. నేను వెనక ఫోన్ పట్టుకుని, ప్రతి మేకు దగ్గరా ఆగి, ఆ చోటు మ్యాపులో పడేలా పాయింట్ నొక్కుతున్నాను. గుండ్రంగా వస్తుందనుకున్నాను. రాలేదు. వాగు మీదుగా అడవినుంచి వచ్చే గాలి పువ్వునంతా చేను వైపు తోసేసింది. మేకుల వరస మా చేలోకి పొట్టలాగా పొడుచుకొచ్చింది.

నాన్న నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. "గాలి కూడా మీ గూడెందేనా?" అన్నాడు.

"మరి? ఆడ్నించే వస్తది" అంది జంపక్క.

నా తెరమీద గీత వంకరటింకరగా ఉంది. ఏ ఉపగ్రహంనుంచి చూసినా ఇది ఇలా ఎందుకుందో ఎవరికీ అర్థం కాదు. రెండు పేజీలు రాయాల్సింది దీని గురించే.

చివరి మూల దగ్గర జంపక్క వాగు వైపు తిరిగి అమ్మతో ఏదో చెబుతోంది. అక్కడ పువ్వు ఆగిపోయింది. భవాని ఒకసారి తల్లివైపు చూసింది, ఒకసారి నేల చూసింది. ఆఖరి పువ్వు దాటి, ఇంకో రెండు బారలు ముందుకు వెళ్ళి మేకు దించింది. రాయితో గట్టిగా కొట్టింది. తలెత్తేసరికి నేను చూస్తున్నాను.

ఆ మేకు దాకా నడిచి వెళ్ళి, పాయింట్ నొక్కాను.

రూప్‌సింగ్ ఇంజన్ వేశాడు. ఆ మోత మీదుగా నాన్న చేతులూపుతూ అరిచాడు. "ఆ మేకుల్లోపలికి రావొద్దు. అది జంపక్కది."

"మా ఇద్దరిది సార్" అంది భవాని, తల్లి చేతిలోంచి చీపురు తీసుకుంటూ.